ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో బ్యాటరీ కరెంటు ఎటు పోతుంది, ఎలా వాడుకోవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

కింది లెక్కలన్నీ ఒకే రకం బండికి వేసినవి: సుమారు రెండు టన్నుల ఎస్‌యూవీ, 18 యూనిట్ల బ్యాటరీ. యూనిట్ అంటే కరెంటు బిల్లులో కనబడే యూనిట్టే, అంటే ఒక కిలోవాట్ అవర్. మీ బండి చిన్నదైతే కిలోమీటర్లు కాస్త పెరుగుతాయి, పెద్దదైతే తగ్గుతాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

మాది ఇన్నోవా హైక్రాస్. అదీ హైబ్రిడే కదా, చార్జింగ్ ఎక్కడ పెట్టాలి?

ఎక్కడా పెట్టనక్కర్లేదు, దానికి ప్లగ్గే లేదు. హైక్రాస్, హైరైడర్, గ్రాండ్ విటారా హైబ్రిడ్, సిటీ హైబ్రిడ్ అన్నీ తమ బ్యాటరీని ఇంజిన్‌తోనూ, బ్రేకు వేసినప్పుడు వచ్చే కరెంటుతోనూ నింపుకుంటాయి. హైరైడర్ బ్యాటరీ ఒక్క యూనిట్ కూడా పట్టదు. సిగ్నల్ దగ్గర, ట్రాఫిక్‌లో కిలోమీటరో రెండో లాగి ఇంజిన్‌కి అప్పజెప్పేస్తుంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో ఆ బ్యాటరీ పది, ఇరవై రెట్లు పెద్దది. గోడ సాకెట్ నుంచి నింపుకొని 50-70 కి.మీ. పెట్రోలు ముట్టకుండా తిరగొచ్చు. మన దేశంలో అమ్మకానికి ఉన్న ప్లగ్-ఇన్‌లు తక్కువ. ఉన్నవి కూడా చాలావరకు ఖరీదైన బీఎండబ్ల్యూ, రేంజ్ రోవర్ తరగతివే. అందుకే మెకానిక్ షాపుల్లో కూడా ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు.

18 యూనిట్ల బ్యాటరీ అన్నారు. స్క్రీన్ మీద సున్నా నుంచి నూరు దాకా ఎక్కినా 14 యూనిట్లే పట్టింది. మిగతాది ఏది?

ఎక్కడికీ పోలేదు. కంపెనీయే దాన్ని మీ చేతికి ఇవ్వలేదు. స్క్రీన్ మీది నూరు శాతం అసలు నూరు కాదు, సున్నా అసలు సున్నా కాదు. పైన కొంత, కింద ఎక్కువ కొంత తాళం వేసి ఉంచుతారు. లిథియం సెల్‌ని అంచుదాకా నింపినా, అడుగుదాకా పిండినా త్వరగా ముసలిదవుతుంది. ప్లగ్-ఇన్ బ్యాటరీ చిన్నది కాబట్టి రోజూ దాదాపు పూర్తిగా ఖాళీ అయి, మళ్లీ నిండుతుంది. ఏడాదికి 300 సార్లు. పూర్తి ఎలక్ట్రిక్ కారులో అంత తిప్పుడు ఉండదు. అందుకే ఇందులో దాచిపెట్టే వాటా ఎక్కువ. 2010 చివర్లో అమెరికాలో వచ్చిన షెవర్లే వోల్ట్‌లోనైతే 16 యూనిట్ల బ్యాటరీ పెట్టి, వాడుకోవడానికి పది చిల్లర యూనిట్లే ఇచ్చారు.

కింద దాచిన వాటాకి ఇంకో పని కూడా ఉంది. స్క్రీన్ మీద సున్నా చూపించాక బండి మామూలు హైబ్రిడ్‌లా మారి, ఆ నిల్వలోంచే కొంచెం తీసుకుంటూ, కొంచెం వేసుకుంటూ నడుస్తుంది. ఓవర్‌టేక్ చేసేటప్పుడు మోటారు ఇచ్చే ఊపు అప్పటికీ పోకపోవడానికి కారణం అదే.

ఒక లెక్క మర్చిపోవద్దు. బ్యాటరీలోకి 14 యూనిట్లు ఎక్కాలంటే మీ ఇంటి మీటరు 16 దాకా తిరుగుతుంది. ఇంటి ఏసీ కరెంటును డీసీగా మార్చడంలో, బ్యాటరీని చల్లబరచడంలో పది పదిహేను శాతం వేడిగా పోతుంది.

ఈవీ, ఆటో, హోల్డ్, చార్జ్ అని మోడ్‌లున్నాయి. ఏది ఎప్పుడు వాడాలి?

అసలు తెలుసుకోవాల్సింది ఇదే. ఈవీ అంటే బ్యాటరీ మీదే నడవడం, హోల్డ్ అంటే బ్యాటరీని దాచి ఇంజిన్ మీద నడవడం, ఆటో అంటే ఏది వాడాలో బండే చూసుకోవడం. బ్యాటరీని ఊళ్లో ఖర్చు పెట్టాలి, హైవే మీద దాచాలి. ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ పోయేటప్పుడు పెట్రోలు ఇంజిన్ అంత దండగ ఇంకోటి లేదు. అదే ఇంజిన్ 80-90 వేగంతో సాఫీగా పోతుంటే బాగానే పనిచేస్తుంది. మోటారు సంగతి తలకిందులు. నెమ్మదిగా పోతే కిలోమీటరుకు 0.2 యూనిట్‌తో సరిపెడుతుంది, 100 దాటితే గాలి ఒత్తిడికి 0.25 పైనే తాగేస్తుంది.

హనుమకొండ నుంచి హైదరాబాద్ ప్రయాణం తీసుకోండి, దాదాపు 145 కి.మీ. చాలామంది ఈవీలోనే బయల్దేరి, స్టేషన్ ఘన్‌పూర్, జనగామ దాటేసరికి బ్యాటరీ ఖాళీ చేసుకుంటారు. తీరా ఉప్పల్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో చిక్కుకున్నాక ఇంజిన్ మీద ఈడుస్తారు. అది సరిగ్గా రివర్సు. ఇలా చేయండి:

ఇంటి నుంచి కాజీపేట మీదుగా మడికొండ దాటేదాకా ఈవీ. రెండు యూనిట్లు ఖర్చవుతాయి. రోడ్డు ఖాళీ అయ్యాక హోల్డ్ నొక్కండి, ఇంజిన్ అందుకుంటుంది. ఉప్పల్ దగ్గర పడ్డాక మళ్లీ ఈవీ. ఉప్పల్ నుంచి హైటెక్ సిటీ వైపు 30 కి.మీ. ఏసీతో సహా ఏడెనిమిది యూనిట్లలో అయిపోతుంది. ఇంకా నాలుగు మిగులుతాయి. వాటిని దారిలో ఊళ్లు తగిలిన చోట వాడుకోవచ్చు, లేదా హైదరాబాద్‌లో తిరగడానికి ఉంచుకోవచ్చు. కొన్ని బండ్లలో నావిగేషన్‌లో గమ్యం పెడితే ఈ పంపకం కంప్యూటరే చేసుకుంటుంది. పెట్టకపోతే దానికి మీరు భువనగిరిలో ఆగుతారో, బేగంపేట వెళ్తారో ఎలా తెలుస్తుంది?

రోజువారీ తిరుగుడు కాజీపేట, హనుమకొండ, వరంగల్ మధ్యేనా? ఈవీలో పెట్టి మోడ్ సంగతి మర్చిపోండి. కరీంనగర్ వెళ్తే ఒక వైపు 70 కి.మీ. పైచిలుకు, రెండు ఊళ్ల లోపల ఈవీ, మధ్యలో హోల్డ్.

చార్జ్ మోడ్ జోలికి మాత్రం పోవద్దు. అది ఇంజిన్‌ను అదనంగా తిప్పించి బ్యాటరీ నింపుతుంది. లీటరు పెట్రోలులో 9 యూనిట్ల శక్తి ఉన్నా, ఇంజిన్, జనరేటర్ దాటుకుని బ్యాటరీలో పడేది రెండున్నర నుంచి మూడు యూనిట్లే. లీటరు 107 రూపాయల లెక్కన యూనిట్ 36-43 రూపాయలు పడినట్టు. ఇంట్లో అదే యూనిట్ పది రూపాయల లోపు. రాత్రికి ప్లగ్ దొరకని చోటికి వెళ్తూ, అక్కడ చప్పుడు కాకుండా తిరగాలి అనుకుంటే తప్ప దీనికి అర్థం లేదు.

ఈవీ మోడ్‌లోనే ఉన్నాను, బ్యాటరీ 60 శాతం ఉంది. అయినా ఇంజిన్ ఎందుకు లేస్తోంది?

సాధారణంగా ఈ కారణాల్లో ఒకటి. యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కారు, మోటారు ఒక్కదాని బలం చాలలేదు. బ్యాటరీ బాగా వేడెక్కడంతో, దాన్ని కనిపెట్టుకుని ఉండే కంప్యూటర్ (బీఎంఎస్) బయటికి ఇచ్చే కరెంటును తగ్గించింది. బండిలో హీటర్ వేశారు, కొన్ని మోడళ్లలో వేడి ఇంజిన్ నుంచే రావాలి. ఇవేవీ కాకుంటే, ఇంజిన్ చాలా రోజులుగా తిరగలేదు కాబట్టి కంప్యూటరే దాన్ని లేపి కాసేపు ఆయిల్ తిప్పిస్తోంది. ఈ చివరిది రిపేరు కాదు, పది నిమిషాలు తిరగనివ్వండి. మధ్యలో ఆపితే మళ్లీ మొదలుపెడుతుంది.

ఇక్కడో హెచ్చరిక. 'రెడీ' లైటు వెలుగుతున్న బండి నిశ్శబ్దంగా ఉన్నా, ఏ క్షణమైనా ఇంజిన్ తనంతట తాను స్టార్ట్ కావచ్చు. షట్టర్ దించిన గ్యారేజీలో ఏసీ వేసుకుని కూర్చోవడం, పిల్లల్ని పడుకోబెట్టడం చేయకండి. పొగ లోపలే నిండుతుంది.

ఇంటి సాకెట్ సరిపోతుందా? వాల్‌బాక్స్ తప్పదా?

ప్లగ్-ఇన్‌కి మంచి 16 యాంపియర్ల సాకెట్ చాలు. బండితో వచ్చే కేబుల్ 10 యాంపియర్లు లాగితే 2.3 కిలోవాట్లు, ఖాళీ బ్యాటరీ ఏడు గంటల్లో నిండుతుంది. 15 యాంపియర్ల సెట్టింగ్ ఉంటే అయిదు గంటల లోపే. రాత్రి పదికి పెడితే తెల్లారేసరికి పని అయిపోతుంది. 7 కిలోవాట్ల వాల్‌బాక్స్ బిగించే ముందు బండి లోపలి చార్జర్ ఎంత తీసుకుంటుందో చూడండి. అది 3.3 కిలోవాట్లదైతే గోడకి ఎంత పెద్ద పెట్టె తగిలించినా అంతే తీసుకుంటుంది.

'మంచి సాకెట్' అన్న మాటకి ఒక అర్థం ఉంది. మీటరు బోర్డు నుంచి వేరే లైను, 4 చదరపు మి.మీ. రాగి వైరు, వేరే ఎంసీబీ, 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్). వాల్‌బాక్స్‌కైతే 6 చదరపు మి.మీ. గీజరు సాకెట్‌కో, నీళ్ల మోటారు సాకెట్‌కో ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి పెట్టకండి. గీజరు ఇరవై నిమిషాల్లో ఆగిపోతుంది, ఇది ఏడు గంటలు ఏకబిగిన లాగుతుంది. లూజు కాంటాక్టు ఉంటే ముందు ప్లగ్ పిన్ను నల్లబడుతుంది, తర్వాత ప్లాస్టిక్ మెత్తబడుతుంది. కొత్తగా పెట్టిన రోజు గంట తర్వాత ప్లగ్ టాప్‌ని చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే ఆపేసి సాకెట్ మార్చండి, ప్లగ్ ఒక్కటే మారిస్తే లాభం లేదు.

ఆ లైను ఇంటి ఇన్వర్టర్ మీద పడకుండా ఎలక్ట్రీషియన్‌తో చెప్పి చూసుకోండి. కరెంటు పోగానే రెండు కిలోవాట్ల బరువు మీద పడి ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది, ఇంట్లో ఫ్యాన్లు కూడా ఆగిపోతాయి.

ఎండాకాలంలోనే చార్జర్ మీద ఎర్ర లైటు వస్తోంది. చలికాలంలో బాగానే ఉంది. చార్జర్ పాడైందా?

నూటికి తొంభై సార్లు చార్జర్ కాదు, మీ ఎర్త్ గుంత. ఏప్రిల్, మే నెలల్లో నేల ఎండి పగుళ్లు బారితే గుంతలో తేమ ఉండదు, ఎర్తింగ్ పట్టు వదులుతుంది. ఫ్రిజ్, టీవీ పట్టించుకోవు. కారు చార్జర్ మాత్రం ఎర్త్ సరిగ్గా లేనిదే ఒక్క యాంపియర్ కూడా వదలదు, అది దాని మంచితనమే.

మల్టీమీటరుతో చూడాల్సింది మూడు కొలతలు: ఫేజ్-న్యూట్రల్ మధ్య 230 దరిదాపు, ఫేజ్-ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్త్ మధ్య 5 వోల్టుల లోపు. చివరిది పది, ఇరవై చూపిస్తే గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోసి ఓ గంట ఆగి మళ్లీ చూడండి. తగ్గితే జబ్బు తెలిసిపోయినట్టే. ఉప్పు, బొగ్గు తీసి కొత్తవి వేయించుకోవాలి లేదా కొత్త ఎర్త్ రాడ్ దింపించుకోవాలి. ఎర్త్ పిన్‌ను న్యూట్రల్‌కి కలిపి 'సెట్ చేసే' ఎలక్ట్రీషియన్లు ఉంటారు. ఒప్పుకోకండి. లైన్లో న్యూట్రల్ తెగిన రోజు కారు బాడీ మొత్తం షాక్ కొడుతుంది. జనరేటర్ మీద పెట్టినప్పుడు కూడా ఎర్త్ ఫాల్టే చూపిస్తుంది. చిన్న జనరేటర్లలో న్యూట్రల్ దేనికీ కట్టి ఉండదు కాబట్టి.

లో వోల్టేజీ వేరే సమస్య. ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్ మీద సాయంత్రం ఏసీలన్నీ వేస్తే 195 వోల్టులకి పడిపోతుంది. అప్పుడు అదే 10 యాంపియర్లకి రెండు కిలోవాట్లు కూడా రావు, ఏడు గంటల చార్జింగ్ ఎనిమిది దాటుతుంది. ఇంకా పడితే చార్జరే ఆపేసుకుంటుంది. టైమర్ అర్ధరాత్రి తర్వాతకి పెట్టుకుంటే చాలావరకు తీరిపోతుంది. రోజూ ఇదే వరసైతే కరెంటు సంస్థ ఎన్పీడీసీఎల్‌కి ఫిర్యాదు ఇవ్వాల్సిందే.

మే నెలలో 70 కి.మీ. రావాల్సింది 52-55 వస్తోంది. బ్యాటరీ పోయిందా?

పోలేదు. ఏసీ తింటోంది. ఈ బండ్లలో ఏసీ కంప్రెసర్‌కి బెల్టు ఉండదు, పెద్ద బ్యాటరీ కరెంటే దాని తిండి. ఎండలో నిలిపిన బండిని చల్లబరచడానికి మొదటి పది నిమిషాలు మూడు కిలోవాట్ల పైన లాగుతుంది. అంటే కదలకముందే అర యూనిట్ ఖర్చు. తర్వాత ఒకటిన్నర కిలోవాట్ దగ్గర నిలబడుతుంది. ఊళ్లో మీ సగటు వేగం గంటకు 25 కి.మీ. అయితే, ఏసీ ఒక్కటే కిలోమీటరుకు 0.06 యూనిట్ తీసుకున్నట్టు. మోటారు తీసుకునే 0.2కి ఇది కలిస్తే 70 కి.మీ. కాస్తా 54 అవుతుంది. నెమ్మదిగా పోయేకొద్దీ ఏసీ వాటా పెరుగుతుంది.

విరుగుడు సులువు. ప్లగ్‌లో ఉండగానే, బయల్దేరే పదిహేను నిమిషాల ముందు యాప్‌లోంచి ఏసీ వేయండి. ఆ మొదటి అర యూనిట్ బ్యాటరీ నుంచి కాకుండా గోడ నుంచి వస్తుంది. గేదె నీళ్లు తాగాక మేతకి వదిలినట్టు, బండి చల్లబడ్డాకే ప్లగ్ తీయాలి.

వేడి చేసే అసలు నష్టం మాత్రం వేరే ఉంది. సెల్స్‌కి 15 నుంచి 35 డిగ్రీలు హాయి. రామగుండం, జగిత్యాల, ఆదిలాబాద్ ఎండలు 45 తాకిన రోజు, నిండా చార్జ్ చేసిన బ్యాటరీని మధ్యాహ్నమంతా ఎండలో నిలపడం దానికి చేసే పెద్ద హాని. వేడి ఒక్కటైతే తట్టుకుంటుంది, నిండు చార్జ్ ఒక్కటైనా తట్టుకుంటుంది, రెండూ కలిస్తే వయసు పైబడుతుంది. కాబట్టి పగలు నడిపి వచ్చిన వెంటనే ప్లగ్ పెట్టకండి, రాత్రి చల్లబడ్డాక పెట్టి, పొద్దున బయల్దేరే వేళకు నిండేలా చూసుకోండి. కొన్ని బండ్లలో వెనక సీటు పక్కన బ్యాటరీకి గాలి పీల్చే జాలీ ఉంటుంది. దాని మీద బ్యాగులు, టవళ్లు వేయకండి. ఆరు నెలలకోసారి దాని దుమ్ము తీయించండి, మన రోడ్ల దుమ్ముకి అది త్వరగానే పూడుకుపోతుంది.

నిర్మల్ ఘాట్ దిగేటప్పుడు బ్యాటరీ నిండాలి కదా. బ్రేకు గట్టిగా వేయాల్సి వస్తోంది, ఎందుకు?

పైకి వచ్చేసరికే మీ బ్యాటరీ నిండి ఉండి ఉంటుంది. దిగుడులో వచ్చే కరెంటు పెట్టుకోవడానికి చోటు లేకపోతే మోటారు బ్రేకు పట్టదు, భారమంతా డిస్కుల మీద పడుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడే ఈవీలో ఎక్కి చోటు చేసుకోండి. రెండు టన్నుల బండి 100 మీటర్లు దిగితే లెక్క ప్రకారం అర యూనిట్ రావాలి. టైర్ల రాపిడి, గాలి, మార్పిడి నష్టాలు పోను చేతికి వచ్చేది 0.3 దగ్గర. ఎక్కడానికి పెట్టిన ఖర్చంతా దిగితే తిరిగి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

దీనికో పక్క చిక్కు ఉంది. మోటారే బ్రేకు పని చేసిపెడుతుండటంతో డిస్కులు వాడుక లేక తుప్పు పడతాయి, వానాకాలంలో మరీను. వారానికోసారి ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, రెండు మూడు సార్లు గట్టిగా బ్రేకు వేయండి.

మేడారం జాతరకి తీసుకెళ్లొచ్చా? గంటల తరబడి జామ్‌లో ఉంటే?

ఈ బండి అసలు పనికొచ్చేది అలాంటి చోటే. ములుగు, గోవిందరావుపేట దాకా హోల్డ్‌లో వెళ్లి, పస్రా దగ్గర ఈవీకి మార్చండి. కదలని జామ్‌లో మోటారు ఖర్చు దాదాపు సున్నా, ఏసీకి గంటకు ఒకటిన్నర యూనిట్. మూడు గంటలు నిలబడ్డా నాలుగున్నర యూనిట్లు. పెట్రోలు బండి ఏసీతో నిలబడి తిరిగితే గంటకు దాదాపు లీటరు తాగుతుంది. తిరుగు ప్రయాణానికి ట్యాంకులో పెట్రోలు ఉంచుకోండి, అడవిలో ప్లగ్ కోసం వెతుక్కోకండి.

హైవే మీద ఫాస్ట్ చార్జర్లు పెట్టుకోవచ్చా?

ఎక్కువ ప్లగ్-ఇన్‌లకి కుదరదు. వాటి సాకెట్ టైప్-2 ఏసీ మాత్రమే, ఆ లావు డీసీ గన్ దూరదు. ఏసీ పాయింట్ ఉంటే పెట్టొచ్చు గానీ, గంటకు మూడు యూనిట్లు, అంటే పదిహేను కిలోమీటర్ల కోసం ఆగడం ఏం లాభం? టిఫిన్‌కి ఎలాగూ ఆగుతున్నారంటే సరే.

నెలల తరబడి కరెంటు మీదే తిరుగుతున్నాం. పెట్రోలు అలాగే ఉంది. ఏమన్నా అవుతుందా?

అవుతుంది. ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, అది తేమను పీల్చుకుంటుంది. అందుకే ట్యాంకు మూడో వంతు నుంచి సగం మధ్య ఉంచి, రెండు మూడు నెలల్లో అయిపోయేలా చూడండి. నెలకోసారైనా ఇంజిన్ మీద 20-30 కి.మీ. ఏకధాటిగా పొండి. మరీ చిన్న తిరుగుళ్లలో ఇంజిన్ వేడెక్కకుండానే ఆగిపోతుంటే, కాలని పెట్రోలు ఆయిల్‌లో చేరి పలచన చేస్తుంది. ఆయిల్ మార్పుకి కిలోమీటర్లు కాదు, ఏడాది గడువే లెక్క.

బంకులో ఇంకో తిప్పలు. చాలా ప్లగ్-ఇన్‌లలో ట్యాంకు ఒత్తిడితో మూసి ఉంటుంది. లోపల మూత బటన్ నొక్కి కొన్ని సెకన్లు ఆగితేనే తెరుచుకుంటుంది. బంకు అబ్బాయి మూత పట్టుకుని బలంగా లాగేలోపే చెప్పండి.

పెద్ద బ్యాటరీ 80 శాతం ఉంది, అయినా పొద్దున బండి లేవట్లేదు.

12 వోల్టుల చిన్న బ్యాటరీ దిగిపోయింది. పెద్ద బ్యాటరీని బండికి కలిపే రిలేలు మూసుకోవాలంటే ఈ చిన్నదే కరెంటు ఇవ్వాలి. అది లేకపోతే లోపల ఎన్ని యూనిట్లున్నా తాళం తీసేవాడు లేనట్టే. తోస్తే స్టార్ట్ కాదు. మామూలు జంపర్ కేబుల్‌తో, మాన్యువల్‌లో చూపిన టెర్మినళ్ల దగ్గర జంప్ ఇచ్చి, 'రెడీ' వచ్చాక అరగంట అలాగే ఉంచండి. ఇగ్నిషన్ 'ఆన్'లో పెట్టి పాటలు వింటే ఈ బ్యాటరీ నిండదు, దిగిపోతుంది. 'రెడీ'లో ఉన్నప్పుడో, ప్లగ్‌లో ఉన్నప్పుడో మాత్రమే నిండుతుంది. మూడు నాలుగేళ్లకోసారి మార్చేయడం మేలు.

ఊరెళ్తూ నెల రోజులు బండి వదిలేస్తే, పెద్ద బ్యాటరీని సగం దగ్గర ఉంచి, ప్లగ్ తీసేసి వెళ్లండి.

వరద నీళ్లలో మునిగింది. ఆరబెట్టి స్టార్ట్ చేయొచ్చా?

వద్దు. 2023 జులైలో వరంగల్, హనుమకొండ కాలనీల్లో నిలబడినలాంటి నీళ్లు సీటు దాకా వచ్చి ఉంటే, బటన్ కూడా నొక్కకండి, చార్జర్ అసలే పెట్టకండి. పెద్ద బ్యాటరీ 350 వోల్టుల దరిదాపు. నీళ్లూ బురదా కనెక్టర్లలోకి చేరితే బండిని నీళ్లలోంచి తీసిన వారం తర్వాత కూడా షార్ట్ అయ్యి అంటుకోవచ్చు. ఇంటికి, పక్క బండ్లకి దూరంగా, ఆరుబయట నిలపండి. నారింజ రంగు కేబుళ్లు దేన్నీ తాకవద్దు. సర్వీస్ సెంటర్‌లో ఇన్సులేషన్ రెసిస్టెన్స్ (కరెంటు బాడీకి లీకవుతోందా అన్న పరీక్ష) చూసి తేల్చాకే ముందడుగు. తీసుకెళ్లేటప్పుడు తాడు కట్టి లాగకండి. చక్రాలు తిరిగితే మోటారు కూడా తిరిగి కరెంటు పుట్టిస్తుంది. నాలుగు చక్రాలూ పైకెక్కించే ఫ్లాట్‌బెడ్ పిలిపించండి.

అసలు కరెంటుకి మిగులుతుందా? మా బిల్లు ఇప్పటికే ఎక్కువ వస్తోంది.

స్లాబుల లెక్కలో కారు యూనిట్లు ఎప్పుడూ చివర, అంటే ఖరీదైన స్లాబులోనే పడతాయి. సగటు రేటుతో లెక్క వేసి మోసపోకండి. యూనిట్ 9 రూపాయలే పట్టుకోండి. గోడ దగ్గర ఒక యూనిట్‌కి మూడున్నర నుంచి నాలుగు కి.మీ. కాబట్టి కిలోమీటరుకు దాదాపు రెండున్నర రూపాయలు. అదే బండి ఇంజిన్ మీద లీటరుకు 14 ఇస్తే ఏడున్నర. రోజుకు 40 కి.మీ. తిరిగితే రోజుకు రెండు వందలు మిగులుతాయి. రోజూ ప్లగ్ పెడితేనే సుమా. పెట్టకపోతే, రెండు వందల కిలోల బ్యాటరీని ఊరికే మోసుకు తిరిగే పెట్రోలు బండి అది.